క్రాసు మార్చే చెయ్యి

పాడేరు, చింతపల్లి వైపు సంతలకి జీపులో వెళ్లినవాళ్లకి ఆ చప్పుడు తెలిసే ఉంటుంది. ఘాట్ మలుపులో డ్రైవరు గేరు మార్చి క్లచ్ వదలగానే బండి అడుగునుంచి ‘ఠంగ్’మంటుంది. అంతకు చాలా రోజుల ముందునుంచే, బండి నెమ్మదిగా వెళ్తున్నప్పుడు కీచు కీచుమని సన్నగా మొరపెడుతూ ఉంటుంది. జనం మాటల్లో అది ఎవరికీ వినపడదు. ఈ రెండు చప్పుళ్లూ పుట్టేది అరచేతిలో ఇమిడే ఒక ఉక్కు ముక్కలోంచి. పుస్తకాల్లో దాన్ని యూనివర్సల్ జాయింట్ అంటారు, షెడ్లలో క్రాసు అంటారు.

జీపులో గేరుబాక్సు ఛాసీకి బిగించి ఉంటుంది. వెనక ఇరుసు కమాను పట్టీల మీద ఎగురుతూ దిగుతూ ఉంటుంది. ఈ రెంటినీ కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరుగుతూనే వంగగలగాలి. అందుకే దాని రెండు చివర్లా చెరో క్రాసు. దానికి నాలుగు చేతులు: ఎదురెదురు చేతులు రెండు ఫోర్కులాంటి ఒక యోక్ చెవుల్లో, మిగతా రెండు ఇంకో యోక్ చెవుల్లో కూర్చుంటాయి. ఒక్కో చేతికి ఒక్కో ఉక్కు కప్పు, కప్పు లోపల గోడ వెంట సూదుల్లాంటి సన్నని రోలర్లు. ఈ ఏర్పాటు ఆలోచన 16, 17 శతాబ్దాల కార్డానో, రాబర్ట్ హుక్‌ల పేర్లతో ముడిపడి ఉంది. దాన్ని మోటారు బండికి పనికొచ్చేలా తీర్చి 1903లో పేటెంటు తీసుకున్నవాడు క్లారెన్స్ స్పైసర్ అనే అమెరికన్.

ఆ సూదులు మామూలు బేరింగులో లాగా గుండ్రంగా తిరిగిరావు. షాఫ్ట్ కోణాన్ని బట్టి ఉన్నచోటే కాస్త ముందుకీ వెనక్కీ ఊగుతాయి, అంతే. బరువంతా ఎప్పుడూ అదే చోట పడుతుంది. గ్రీజు పక్కకి జరిగిపోతే మళ్లీ దానంతట అది వెనక్కి రాదు. వానాకాలం గెడ్డలు దాటుతుంటే సీళ్ల సందుల్లోంచి నీళ్లు దిగుతాయి. ఆ తర్వాత బండి కొన్ని నెలలు చెట్టుకింద నిలబడిందా, సూదులూ కప్పూ చేయీ తుప్పుపట్టి ఒకటైపోతాయి. కప్పు అంచున ఎర్రటి పొడి కనబడిందంటే లోపల గ్రీజు లేదనే. బిగుసుకున్న క్రాసు తనొక్కటే పోదు. వంగాల్సిన చోట వంగకపోతే ఆ ఒత్తిడి గేరుబాక్సు వెనక బేరింగుకీ, వెనక ఇరుసు హౌసింగ్‌లోని పినియన్ బేరింగుకీ చేరుతుంది.

గాజువాక ఆటోనగర్‌లో రేకుల షెడ్డు కింద ఒక పెద్దాయన ఈ పని చేస్తుంటే చూశాను. బండి పాత మహీంద్రా జీపు, ఏజెన్సీనుంచి దిగింది. ఆయన మొదట ముట్టుకున్నది షాఫ్ట్‌ని కాదు, చక్రాలని. నాలుగింటికీ చెక్క దిమ్మెలు పెట్టించాడు. ఈ తరహా పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేక్ డ్రమ్ము వెనక చక్రాల దగ్గర ఉండదు, గేరుబాక్సుకి అతికి ఉండే ట్రాన్స్‌ఫర్ కేసు వెనకే ఉంటుంది. బ్రేకు పట్టు షాఫ్ట్ మీదుగానే చక్రాలకి చేరుతుంది. షాఫ్ట్ విప్పిన క్షణాన హ్యాండ్‌బ్రేక్ ఉన్నా లేనట్టే. ఇది తెలియక వాలులో బండి కింద పడుకున్న మనిషి పరిస్థితి ఊహించుకుంటే ఆ నాలుగు దిమ్మెల విలువ తెలుస్తుంది.

తర్వాత సెంటర్ పంచ్‌తో గుర్తులు కొట్టాడు. ఫ్లాంజికీ యోక్‌కీ ఒక జత, షాఫ్ట్ మధ్యలో జారే స్లిప్ జాయింట్‌కి ఇంకో జత. సుద్దతో గీస్తే డీజిల్ తగలగానే పోతుందని ఆయన పంచే వాడతాడు. షాఫ్ట్‌కి అతికించి ఉన్న చిన్న రేకు ముక్కని షెడ్డులో పనిచేసే కుర్రాడు తుప్పనుకుని గీకబోతే చెయ్యి అడ్డుపెట్టాడు. అది బ్యాలెన్సు కోసం ఫ్యాక్టరీలో వెల్డింగు చేసిన బరువు.

కప్పుల్ని యోక్ చెవుల్లో పట్టి ఉంచే సర్‌క్లిప్పులు తియ్యడంలోనే ఆయన పనితనం నాకు మొదట కనబడింది. గాడిలో తుప్పుపట్టిన క్లిప్పుని చాలామంది స్క్రూడ్రైవరుతో పొడిచి విరిచేస్తారు. ఈయన ముందుగా ఇత్తడి కడ్డీ ఆనించి కప్పునే లోపలికి ఒక్క చిన్న దెబ్బ వేశాడు. కప్పు వెంట్రుకవాసి లోపలికి జరిగింది, క్లిప్పు మీద ఒత్తిడి పోయింది. ఇక ప్లయరుకి అదే వచ్చేసింది. బలం పెట్టాల్సింది క్లిప్పు మీద కాదని ఆ చేతికి తెలుసు.

కప్పులు మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. బెంచ్ వైస్‌లో ఒకవైపు చిన్న సాకెట్, అవతలివైపు కప్పు దూరేంత పెద్ద సాకెట్ పెట్టి బిగించాడు. మూడు వచ్చాయి, నాలుగోది కదల్లేదు. వైస్ పిడికి పైపు తొడిగి ఇంకా బిగిస్తే కప్పు వచ్చేదేమో కానీ, యోక్ చెవి వంగేది. వంగిన చెవిలో కొత్త క్రాసు ఎప్పటికీ తిన్నగా కూర్చోదు. ఆయన వైస్ వదులు చేసి, గ్యాస్ కట్టింగుతో పాత క్రాసుని నడిమికి కోయించాడు. మంట యోక్‌కి తగలకుండా తడిగుడ్డ చుట్టించాడు. కోసిన తర్వాత ఆ కప్పుని బయటికి లాగే పనే లేకపోయింది, లోపలికే కొట్టేశాడు. పోయేది ఎలాగూ పారేసే క్రాసు, నిలవాల్సింది యోక్. దేన్ని కాపాడాలో, దేన్ని వదులుకోవాలో ఇంత స్పష్టంగా తెలిసిన మనిషి పని చూడ్డం నాకు నిజంగా సంతోషం.

ఖాళీ అయిన రంధ్రాల్లో వేలు తిప్పి చూశాడు. ఎక్కడో గరుకు తగిలితే ఎమరీ కాగితంతో రెండు చుట్లు, అంచున లేచిన ముల్లు ఉంటే ఆకురాయితో ఒక్క గీత. గాడుల్లో తుప్పుని సన్నని మేకుతో తవ్వించాడు. ఇంతలో కొత్త క్రాసు డబ్బా తెరిచాడు. ఒక్కో కప్పులో సూదులు గోడకి ఆనుకుని నిలబడ్డాయో లేదో చూసి, కదలకుండా చిక్కటి గ్రీజు అద్దాడు. కప్పుని యోక్‌లోకి దింపుతున్నంతసేపూ క్రాసు చేతిని దాని లోపలే ఉంచాడు. సూదులకి అదే ఆసరా.

మూడో కప్పు దగ్గర క్లిప్పు గాడిలో పడలేదు, కొంచెం పైకే ఉండిపోయింది.

“మేస్త్రీ, ఇంకో దెబ్బేసేద్దునా?” అన్నాడు కుర్రాడు సుత్తి ఎత్తి.

“ఆగరా. కొడితే దిగేది కాదది. సూది పడిపోయుంటది.”

కప్పు వెనక్కి తీస్తే నిజమే, ఒక సూది అడుగున అడ్డంగా పడుంది. సుత్తి దిగి ఉంటే ఆ సూది విరిగేది, ముక్కలు లోపలే తిరుగుతూ కొత్త క్రాసుని కొద్ది రోజుల్లోనే తినేసేవి. సూదిని నిలబెట్టి మళ్లీ దింపితే క్లిప్పు టక్కున పడింది.

నాలుగూ పడ్డాక క్రాసు ఇంకా బిగువుగానే ఉంది. యోక్ చెవుల మీద బయటినుంచి సుత్తితో తేలిగ్గా తట్టాడు. కప్పులు వెనక్కి, క్లిప్పుల మీదికి సర్దుకున్నాయి. అప్పుడు రెండు వేళ్లతో అటూ ఇటూ వంచి చూసి నాకిచ్చాడు. ఎక్కడా పట్టు లేదు, లొడలొడా లేదు.

స్లిప్ జాయింట్ ఎక్కించేటప్పుడు మళ్లీ ఆ పంచ్ గుర్తులే. షాఫ్ట్ రెండు చివర్ల యోకులూ ఒకే వరసలో ఉండాలి. క్రాసు వంగి తిరిగేటప్పుడు అవతలి షాఫ్ట్ ఒకే వేగంతో తిరగదు. 20 డిగ్రీల కోణంలో ఒక షాఫ్ట్ నిమిషానికి 1000 చుట్ల వేగంతో నిలకడగా తిరుగుతుంటే, రెండోదాని వేగం ప్రతి చుట్టులోనూ రెండుసార్లు 940కి తగ్గి 1064కి పెరుగుతుంది. రెండో చివర ఉన్న క్రాసు, యోకులు వరసలో ఉండి కోణాలు సమానమైతే, ఈ హెచ్చుతగ్గుల్ని సరిగ్గా తిరగేసి చెరిపేస్తుంది. యోకులు వరస తప్పితే రెండు క్రాసులూ కొత్తవైనా బండి వణుకుతుంది. చాలా షెడ్లలో కొత్త సామాను మీద పడే నింద నిజానికి ఈ పొరపాటుదే.

గ్రీజు నిపుల్ గన్నుకి అందేవైపు తిప్పి బిగించాడు. నాలుగు సీళ్లలోంచీ గ్రీజు తొంగిచూసేదాకా కొట్టాడు. మూడింట్లోంచి వచ్చి ఒకదాంట్లోంచి రాకపోతే ఆ చేయి ఎండిపోయినట్టే లెక్క. ఫ్లాంజి బోల్టులకి కొత్త లాక్ నట్లు వేసి, ఎదురెదురుగా బిగించుకుంటూ వచ్చాడు. డ్రైవరుకి ఆయన చెప్పింది రెండు మాటలే: గెడ్డ దాటినప్పుడల్లా గ్రీజు కొట్టించు, ఒకసారి ఘాటెక్కి దిగాక బండి తీసుకురా, ఆ బోల్టులు మళ్లీ చూడాలి.