సర్కారు తుమ్మ: నరికితే పోదు

బీచుపల్లి ఆంజనేయస్వామిని దర్శించుకుని వంతెన దాటి వనపర్తి వైపు వెళ్లినా, ఇటు గద్వాల తోవ పట్టినా, పడావు భూముల్లో, ఒర్రెల ఒడ్డున సర్కారు తుమ్మ కనిపిస్తూనే ఉంటుంది. ఎండాకాలంలో గొడ్డలితో నరికి, చెలక బాగుపడిందని సంబరపడే రైతులను ఏటా చూస్తున్నాను. వానలు పడగానే ఒక్క మాను ఉన్నచోట గుత్తిగా కొమ్మలు లేస్తాయి. ఆ కష్టమంతా వృథా కావడం చూస్తే మనసు ఉసూరుమంటుంది.

ఈ చెట్టు పుట్టిల్లు మధ్య అమెరికా, కరీబియన్ ప్రాంతాలు. మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో దీన్ని తెప్పించాలని ప్రభుత్వానికి రాశాడు. 1877లో జమైకా విత్తనాలతో కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఎండు నేలల్లో వంటచెరుకు దొరుకుతుందన్న ఆశ తీరింది. కానీ చెట్టు నాటిన చోట ఆగలేదు.

ఎందుకు ఆగలేదో దాని కాయ చెబుతుంది. తియ్యటి కాయను మేకలు, పశువులు ఇష్టంగా తింటాయి, ఆకు జోలికి మాత్రం పెద్దగా పోవు. గట్టి విత్తనం కడుపులో అరగక పెంటికలతో, పేడతో బయటపడి ఎరువుతో సహా మొలుస్తుంది. నరికిన మోడుకేమో నేలకు కాస్త లోపల, వేరు మొదట్లోనే నిద్రాణంగా మొగ్గలుంటాయి.

కాబట్టి గొడ్డలి చాలదు, గడ్డపార కావాలి. మోడు చుట్టూ తవ్వి, మొగ్గలున్న ఆ భాగం కిందికి వేరు తెగ్గొట్టాలి. పెద్ద చెట్లకు జేసీబీ పెట్టాలి. తొలివానలకు నేల నానగానే లేత మొలకలను వేరుతో సహా పీకాలి. కాయలు రాలకముందే ఏరి, గింజ నలిగేలా పిండి పట్టిస్తే పశువులకు మేత అవుతుంది, విత్తనమూ చస్తుంది.

ఈ కట్టెల మీద, బొగ్గు బట్టీల మీద బతికే పేద కుటుంబాలున్నాయి. వాళ్ల పొయ్యి ఆర్పమని నేననను. తీసిన కట్టె వాళ్లకే దక్కాలి. పని ముందుగా చెరువు శిఖాల్లో, కాలువ గట్ల మీద, సాగు భూముల్లో మొదలవ్వాలి.

తవ్విన నేలను ఖాళీగా వదిలితే మళ్లీ అదే మొలుస్తుంది. గట్ల మీద కానుగ, వేప పెట్టండి, చెలకలో పంట వేయండి. మట్టిలో మిగిలిన విత్తనాలు ఏళ్ల తరబడి మొలుస్తూనే ఉంటాయి కనుక ప్రతి వానాకాలం ఒకసారి తిరిగి చూడండి. పంచాయతీలు ఒక్క ఏడాది బిల్లుతో సరిపెట్టకుండా వరుసగా కొన్నేళ్లు ఈ పనికి డబ్బు, మనుషులను కేటాయించాలి.