కొమురం భీం కథనాలు: జాతివివక్ష స్థానచలనం

కొమురం భీం పోరాటాన్ని మన విమర్శ ప్రధానంగా భూపోరాటంగానే చదివింది. అందుకు ఆధారాలున్నాయి. ఆసిఫాబాదు అడవుల్లో గోండులు, కోలాములు తరతరాలుగా దున్నిన నేలలు పట్టాలు చేయించుకున్నవారి పాలయ్యాయి. రిజర్వు అడవి హద్దులు వారి పోడును నేరంగా మార్చాయి. అయితే ఆ నేల ఎవరిదో తేల్చే చోట గోండు మాటకు విలువ ఎందుకు లేకపోయిందని అడిగినప్పుడే ఈ పోరాటంలోని జాతివివక్షా వ్యతిరేకత కనిపిస్తుంది. హక్కును నిర్ణయించిన కాగితం అతని భాషలో లేదు. తెలుగులో 'జాతి' అన్న ఒక్క మాటే తెగకూ కులానికీ దేశానికీ చెల్లడం కూడా ఈ పార్శ్వాన్ని కొంత మరుగుపరచింది.

1940లో జోడేఘాట్ వద్ద నిజాం బలగాల కాల్పుల్లో భీం మరణించాడు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై మళ్లీ కాల్పులు జరిగాయి. రెండేళ్లకు సాహు, అల్లం రాజయ్యల 'కొమురం భీం' నవల వెలువడింది. అప్పటి పాఠకుడికి జోడేఘాట్ గతం కాదు, నిన్నటి వార్త. ఆ నవల బలం అక్కడే ఉంది: గోండును అణచినవారు ఎక్కడి నుంచో దిగిన పరాయివారు కారు, పక్క ఊళ్లవారు, కచేరీలవారు. గోండీలో సాగిన జీవితం తెలుగులో వినిపించవలసి రావడం దాని పరిమితి. ఆ పరిమితిని మన పరిశోధనలు తగినంతగా చర్చించలేదు.

ఆ తరువాత భీం ప్రభావం విస్తరించింది. 'జల్, జంగల్, జమీన్' నినాదం ఇతర రాష్ట్రాల ఆదివాసీ ఉద్యమాలలోనూ వినిపిస్తున్నది. 2016లో ఆసిఫాబాద్ జిల్లాకు ఆయన పేరు చేరింది. 2022లో 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రం ఆ పేరును ప్రపంచానికి పరిచయం చేసింది. ఇది కల్పనే, చరిత్ర కాదన్న సమాధానం సరిపోదు. కల్పన దేనిని మార్చిందన్నదే విమర్శకు ముఖ్యం. చిత్రంలో జాతివివక్ష చూపేవాడు తెల్లదొర. నిజాం ప్రభుత్వం, భూస్వామి, అటవీ ఉద్యోగి కథ నుండి తప్పుకున్నారు. దానితో తెలుగు ప్రేక్షకుడు ఏ ఇబ్బందీ లేకుండా అవమానితుల పక్షాన కూర్చోగలిగాడు. ముగింపులో భీం తనకూ తనవారికీ చదువు కావాలని రామరాజును కోరతాడు. దొరల ఎదుట సమానులుగా నిలిచిన ఇద్దరిలో ఒకరు ఇక్కడ గురువు, ఒకరు శిష్యుడు. అయితే 1943లో, హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో మొదలైన బడులలో గోండు పిల్లలు దేవనాగరి లిపిలో అచ్చయిన గోండీ వాచకాలతో అక్షరాలు నేర్చుకున్నారు.