కూతవేటు నుంచి మీటరు దాకా: భద్రాచలం అడవి అంచున భౌతికశాస్త్రం

తెలుగులో దూరాన్ని చెప్పే పాత మాటల్లో ‘కూతవేటు’ ఒకటి. ఒకరు గొంతెత్తి కూస్తే మరొకరికి వినబడేంత మేర అని దాని అర్థం. బడి పుస్తకంలో విడివిడి అధ్యాయాలుగా కనిపించే నాలుగు భావనలు ఈ ఒక్క మాటలో కలిసి ఉన్నాయి: కూత వేయడానికి మనిషి వెచ్చించే శక్తి, దానిని మోసుకుపోయే గాలి అనే పదార్థం, ఆ గాలిలో శక్తి సాగిపోయే తీరైన తరంగం, ఆ తరంగం చేరిన మేరనే దూరానికి గుర్తుగా తీసుకున్న కొలత.

ఖమ్మం తూర్పు అంచున మొదలై కిన్నెరసాని లోయ మీదుగా భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల దాకా గోదావరిని ఒరుసుకుంటూ సాగే అటవీ సీమలో కోయలు, కొండరెడ్లు తరతరాలుగా నిలుపుకొన్న పనితనంలో ఈ నాలుగు భావనలూ చేతి అలవాటుగా, చెవి పరిచయంగా బతికే ఉన్నాయి. ఆ పనితనాన్ని న్యూటను సూత్రాలతో సమానమని చెప్పడం అతిశయోక్తి అవుతుంది, సూత్రం లేదు కాబట్టి అందులో జ్ఞానమే లేదనడం అన్యాయం అవుతుంది. కుంచం, విల్లు, ఇప్పపూవు, డోలు అనే నాలుగింటిని వరుసగా పరిశీలిస్తే ఆ జ్ఞానం ఎంతవరకు వచ్చి ఆగిందో, అక్కడి నుంచి శాస్త్రం దానిని ఎటు తీసుకుపోయిందో స్పష్టమవుతుంది.

కొలత: ఒంటి నుంచి కుంచానికి

కొలవడమంటే ఒక తెలిసిన పరిమాణంతో తెలియని పరిమాణాన్ని పోల్చి, అది ఎన్ని రెట్లో చెప్పడం. పోల్చడానికి తీసుకున్న ఆ తెలిసిన పరిమాణాన్ని ప్రమాణం అంటారు. మనిషికి మొదట దొరికిన ప్రమాణం తన ఒళ్లే. చాచిన బొటనవేలి కొన నుంచి చిటికెనవేలి కొన దాకా జాన, రెండు జానలు మూర, నాలుగు మూరలు కలిస్తే రెండు చేతులూ చాచిన నిడివి అయిన బార. విల్లు చెక్కుకునేవాడికి ఈ కొలత లోపం అనిపించదు, ఎందుకంటే తన మూరతో కొలుచుకున్న విల్లు తన చేతి సాగుకే సరిపోతుంది. పొరుగువాడితో లావాదేవీ వచ్చినప్పుడే ఎవరి మూర అన్న ప్రశ్న పుడుతుంది.

ధాన్యం దగ్గర ఆ ప్రశ్న తప్పదు కాబట్టి అక్కడ ఒంటి కొలతకు బదులు పాత్ర కొలత వచ్చింది. ప్రాంతాన్ని బట్టి కొంత తేడా ఉన్నా, తెలుగునాట ఎక్కువగా వాడిన లెక్కలో నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. గిద్ద నుంచి తూము దాకా అన్నీ రెండు, నాలుగు రెట్లుగా పెరగడం గమనించదగినది. ఒక రాశిని కంటిచూపుతో సగం చేయడం, ఆ సగాన్ని మళ్లీ సగం చేయడం ఎవరికైనా సాధ్యం, పది భాగాలు చేయడం అంత సులువు కాదు.

అయితే కుంచం కొలిచేది ఘనపరిమాణాన్ని, అంటే వస్తువు ఆక్రమించే చోటును మాత్రమే. అందులో ఎంత పదార్థం ఉందో తెలిపే ద్రవ్యరాశి వేరు. ఒక యూనిట్ చోటులో ఇమిడే ద్రవ్యరాశిని సాంద్రత అంటారు, అది సరుకు సరుకుకూ మారుతుంది. అదీగాక అంచు దాటి రాశిగా శిగ పోసిన కుంచానికీ, అంచుకు సమంగా తల కొట్టిన కుంచానికీ మధ్య తేడా గింజల రాశి వాలును బట్టి, కొలిచే చేతిని బట్టి మారిపోతుంది. కొనేటప్పుడు శిగ పోయించుకొని, అమ్మేటప్పుడు తల కొట్టే వ్యాపారి చేతిలో అడవి సరుకు తెచ్చినవారు నష్టపోవడానికి ఆ వాలు ఒక్కటే చాలు. 1956లో దేశం తూనికలు కొలతల ప్రమాణాల చట్టం చేసి మెట్రిక్ పద్ధతికి మారడాన్ని పాఠ్యపుస్తకం ఒక వాక్యంలో దాటిపోతుంది కానీ, వారపు సంతలో బుట్ట దించే మనిషికి ప్రమాణం అంటే న్యాయం.

శక్తి: ఎక్కుపెట్టిన విల్లు

బలం ప్రయోగించి ఒక వస్తువును కొంత దూరం కదిలిస్తే పని జరిగిందంటారు. ఆ పని చేయగల సామర్థ్యమే శక్తి. విల్లు ఎక్కుపెట్టి నారి లాగినప్పుడు చేయి చేసిన పని వంగిన బద్దలో స్థితిజశక్తిగా, అంటే స్థితి మారడం వల్ల నిలవ ఉండే శక్తిగా దాగుతుంది. వదిలిన క్షణంలో అది బాణానికి గతిజశక్తిగా, అంటే చలనం వల్ల కలిగే శక్తిగా బదిలీ అవుతుంది. లాగేకొద్దీ బలం సున్నా నుంచి పెరుగుతూ పోతుంది కాబట్టి సగటు బలంతో లెక్కకట్టాలి. ఉదాహరణకు నారిని అర మీటరు లాగేసరికి బలం 150 న్యూటన్లకు, అంటే దాదాపు 15 కిలోల బరువును ఎత్తేంతకు చేరిందనుకుంటే, సగటు బలం 75 న్యూటన్లు, నిలవైన శక్తి 37.5 జౌళ్లు. అందులో 60 శాతం, అంటే 22.5 జౌళ్లు 50 గ్రాముల బాణానికి అందితే అది సెకనుకు 30 మీటర్ల వేగంతో దూసుకుపోతుంది.

మిగిలిన 40 శాతం నశించదు. విల్లు బద్ద వెనక్కి కదలడంలో, నారి మోతలో, రవంత వేడిలో అది చెదిరిపోతుంది. శక్తి పుట్టదు, నశించదు, రూపం మార్చుకుంటుందనే నిత్యత్వ నియమం ఇదే. వెదురు విల్లులో నైపుణ్యమంతా ఈ నిలవ చుట్టూనే తిరుగుతుంది. వెదురులో గట్టి పీచు లోపలి కంటే పైతొడుగు దగ్గర దట్టంగా ఉంటుంది, కాబట్టి వంగినప్పుడు సాగే వైపున పైతొడుగు ఉండేలా బద్దను అమర్చితే అది విరగకుండా ఎక్కువ శక్తిని పట్టి ఉంచుతుంది. పని లేనప్పుడు నారి దించి ఉంచడం కూడా ఈ కారణంగానే. ఎప్పుడూ వంగి ఉన్న బద్ద ఆ వంపుకే అలవాటుపడి తిరిగి చాచుకునే గుణాన్ని, అంటే స్థితిస్థాపకతను కోల్పోతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేటకు చోటు లేకపోయినా, భూమి పండుగనాడు విల్లంబులకు దక్కే గౌరవంలో ఈ నైపుణ్యపు జ్ఞాపకం నిలిచే ఉంది.

ఇదే నేల కింద మరో నిలవ ఉంది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించగా, 1889లో అక్కడ తవ్వకం మొదలై, పక్కనున్న సింగరేణి గ్రామం పేరు ఆ గనులకు స్థిరపడింది. కోట్ల ఏళ్ల నాటి చెట్లు ఎండ నుంచి గ్రహించిన శక్తే ఆ బొగ్గులోని రసాయనశక్తి. ఆ రాతి పొరలకు భూగర్భ శాస్త్రం పెట్టిన గోండ్వానా అన్న పేరు గోండుల నేల పేరే, కోయలు ఆ గోండులకు బంధుజనమే. పాల్వంచలో, మణుగూరులో ఆ బొగ్గు మండి పుట్టే కరెంటులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. పైన చెప్పిన విల్లును 96,000 సార్లు లాగితే గానీ అంత శక్తి కూడదు. జౌల్ అనే ప్రమాణం విలువ ఇక్కడే తెలుస్తుంది, ఎందుకంటే చేతి కష్టాన్నీ గని బొగ్గునూ ఒకే త్రాసులో తూచగలిగేది దానితోనే.

పదార్థం: ఇప్పపూవు, గోదావరి నీరు

చోటును ఆక్రమించి ద్రవ్యరాశి కలిగినదంతా పదార్థం. అది ఘన, ద్రవ, వాయు స్థితుల్లో ఉంటూ, వేడి చేరినా తొలగినా ఒక స్థితి నుంచి మరో స్థితికి మారుతుంది. వేసవి మొదట్లో తెల్లవారుజామున రాలిన ఇప్పపూలను ఏరి ఎండబోసినప్పుడు జరిగేది బాష్పీభవనం, అంటే మరగకుండానే నీరు ఆవిరిగా లేచిపోవడం. పూవు బరువు తగ్గిందంటే పదార్థం మాయమైందని కాదు, అది గాలిలో కలిసిందని అర్థం. పలుచగా పరిస్తే త్వరగా ఆరడానికి కారణం గాలి తగిలే ఉపరితలం పెరగడం.

ఇప్పసారా కాచే పద్ధతిలో ఇంతకంటే సూక్ష్మమైన పాఠం ఉంది. సారా వల్ల గూడేలకు కలిగిన నష్టం తక్కువది కాదు, ఇక్కడ చూడవలసింది ఆ పద్ధతిని మాత్రమే. పులిసిన పూల నీటిని కుండలో మంట మీద పెడితే, 78 డిగ్రీల దగ్గర మరిగే ఆల్కహాలు 100 డిగ్రీల దగ్గర మరిగే నీటికంటే ముందుగా, ఎక్కువగా ఆవిరవుతుంది. ఆ ఆవిరి పైనున్న చన్నీటి పాత్ర అడుగుకు తగిలి చల్లబడి బొట్లుగా రాలుతుంది. ఆవిరి తిరిగి ద్రవంగా మారడాన్ని సాంద్రీకరణం అనీ, మరిగించి చల్లబరచి వేరుచేసే మొత్తం ప్రక్రియను స్వేదనం అనీ అంటారు. ఒక్కసారి కాస్తే రెండు ద్రవాలు పూర్తిగా విడిపోవు, మళ్లీ మళ్లీ కాచేకొద్దీ చిక్కదనం పెరుగుతుంది.

ఈ కుండల వరుసకు ఎంతో దూరం లేని అశ్వాపురం దగ్గర, 1991లో ఉత్పత్తి మొదలుపెట్టిన మణుగూరు భారజల కర్మాగారం ఇదే సూత్రాన్ని అత్యంత కఠినమైన మేరకు తీసుకుపోయింది. నీటిలోని హైడ్రోజన్ పరమాణువుల్లో సుమారు 7,000కు ఒకటి డ్యుటీరియం, అంటే రెట్టింపు బరువున్న హైడ్రోజన్. అలాంటి పరమాణువులతో ఏర్పడిన భారజలం మామూలు నీటికంటే దాదాపు 11 శాతం బరువైనది, 101.4 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ముందుగా నీటినీ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువునూ వేర్వేరు ఉష్ణోగ్రతలున్న గోపురాల్లో ఎదురెదురుగా పంపి డ్యుటీరియాన్ని పోగుచేస్తారు, చివరి దశలో గాలి తీసేసిన స్తంభాల్లో స్వేదనం చేసి శుద్ధి పూర్తిచేస్తారు. 22 డిగ్రీల తేడాతో కుండ చేసిన పనిని ఇక్కడ డిగ్రీన్నర కూడా లేని తేడాతో చేయవలసి వస్తుంది. అందుకే ఒక కుండకు బదులు ఎన్నో అంచెలు అవసరమయ్యాయి.

తరంగం: డోలు చెప్పే పాఠం

తరంగమంటే పదార్థం తాను ఉన్నచోటే ఊగుతూ శక్తిని ముందుకు అందించడం. డోలు తోలు మీద దెబ్బ పడితే దాని ముందున్న గాలి ఒత్తుకొని, పలచబడి, ఆ మార్పును పక్క గాలికి అందిస్తుంది. చెవికి చేరేది ఆ మార్పే, డోలు దగ్గరి గాలి కాదు. సెకనుకు ఎన్నిసార్లు ఊగిందో చెప్పేది పౌనఃపున్యం, ఒక ఊపు ఆక్రమించే నిడివి తరంగదైర్ఘ్యం, ఈ రెండింటి లబ్ధం వేగం. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. వాయించే ముందు తోలు వాద్యాన్ని మంటకు కాచడంలో తేమ వీడి తోలు బిగుసుకుంటుంది. ఆ బిగువును తన్యత అంటారు, అది పెరిగితే పౌనఃపున్యం పెరిగి నాదం స్పష్టపడుతుంది.

అడవిదున్న కొమ్ముల తలపాగా ధరించిన పురుషులు డోళ్లు వాయిస్తూ, స్త్రీలు చేయీ చేయీ కలిపి అడుగు వేస్తూ చేసే కొమ్ము నృత్యంలో గంభీరమైన డోలు, సన్నని గజ్జెలు ఒకేసారి మోగుతాయి. సెకనుకు 100 ఊపుల డోలు నాదానికి తరంగదైర్ఘ్యం 3.4 మీటర్లు, 3,400 ఊపుల గజ్జెల నాదానికి 10 సెంటీమీటర్లు. పొడవైన తరంగం చెట్టు బోదెలను చుట్టుకొని వంగి ముందుకు పోగలదు, దీనిని వివర్తనం అంటారు. పొట్టి తరంగం బోదెలకు తగిలి చెదిరి, ఆకుల్లో ఇంకిపోతుంది. అందుకే పక్క గూడేనికి డోలు వినబడుతుంది, గజ్జె వినబడదు. డోలు ఊరిని పిలిచే వాద్యమూ గజ్జె ఆటలోని అడుగును కలిపే వాద్యమూ కావడానికి భౌతిక ఆధారం ఇది.

డోలు పక్కన కంచుతాళం మరో పాఠం చెబుతుంది. సమ్మక్క సారలమ్మ గాథను కంచుమేళం, కంచుతాళంతో గానం చేసి 2022లో పద్మశ్రీ పొందిన మణుగూరు మండలం కూనవరం వాసి సకిని రామచంద్రయ్య ఈ సంప్రదాయానికి చివరి గొప్ప ప్రతినిధుల్లో ఒకరు, ఆయన 2024లో కన్నుమూశారు. వెడల్పైన తోలు తన శక్తిని గాలికి వేగంగా ధారపోసి ఠక్కున ఆగిపోతుంది. కంచు దానిని లోపలే పట్టి ఉంచుకొని మెల్లగా వదులుతుంది. కథకుడి మాటల మధ్య విరామాన్ని కంచు నింపగలగడం ఆ లోహపు గుణం వల్లనే. భారతీయ తోలు వాద్యాల మీద 1920లోనే పరిశోధన ప్రకటించిన సి.వి. రామన్, మృదంగం మధ్యలోని నల్లని కరణి వల్లనే దాని ఉపస్వరాలు శ్రుతిలో కుదురుతాయని చూపారు. వాద్యకారుడి చెవి ముందే ఎరిగినదానికి శాస్త్రవేత్త కారణం చెప్పిన మంచి ఉదాహరణ అది.

మేర దాటిన కొలత

ఇంతకూ కూతవేటు ఎంత? దూరం రెట్టింపైతే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. గాలి వాలు, అడవి దట్టం, కూసిన గొంతు దానిని మరింత మారుస్తాయి. నేల చల్లబడిన రాత్రి ధ్వని కిందికి వంగి ఎక్కువ దూరం పోతుంది కాబట్టి పగటి కూతవేటు, రాత్రి కూతవేటు ఒకటి కావు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి ప్రపంచం ఎంచుకున్న దారి మాత్రం ఆశ్చర్యకరంగా ఈ మాటకు దగ్గరిది. 1983 నుంచి మీటరు అంటే శూన్యంలో కాంతి సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో సాగే దూరం. అదీ తరంగం చేరిన మేరతో దూరాన్ని చెప్పడమే. ఆ తరంగం వేగం ఎవరి గొంతునూ ఏ గాలినీ ఆశ్రయించి ఉండదు.

అలా గొంతు నుంచీ గాలి నుంచీ విడుదలైన కొలతకు ఎంత విలువుందో గోదావరి ఏటా గుర్తుచేస్తుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు ఎక్కింది. ఏ కూతా అందని దిగువ గ్రామానికి ఆ అంకె ముందుగా చేరి ప్రాణాలు కాపాడుతుంది.

ఒంటి కొలత తన పనిముట్టుకు సరిపడింది, అంకె కొలత అపరిచితుడికి కూడా అక్కరకొచ్చింది. ఆశ్రమ పాఠశాలలో చదివే కోయ పిల్లవాడికి ఈ రెండింటి మధ్య వంతెన కట్టడమే భౌతికశాస్త్ర బోధన చేయవలసిన పని. అందుకు ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు. ఒక డోలు, 340 మీటర్ల బయలు, సెకన్లు లెక్కించే గడియారం ఉంటే చాలు. కర్ర తోలును తాకడం కంటికి కనబడి, దాదాపు ఒక సెకను గడిచాక దెబ్బ చెవికి చేరినప్పుడు, తాతల నాటి వాద్యంతోనే ధ్వని వేగాన్ని కొలిచిన ఆ పిల్లలకు తరంగం అన్న మాట పరాయిదిగా మిగలదు.