ఉగాది పచ్చడికి గ్రాముల లెక్కెందుకు?

పాలమూరు ఇళ్లలో ఉగాది పచ్చడిని గిన్నెలో ముద్దగా కలపరు. కొత్త కుండలో పలచగా కలిపి, గ్లాసుల్లో పోసుకుని తాగుతారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఎక్కడ చూసినా ఏ ఇంటి తీరు ఆ ఇంటిదే. ఒకరు సోంపు వేస్తారు, ఒకరు పుట్నాలు, ఎండుకొబ్బరి వేస్తారు, ఇంకొకరికి సారపప్పు లేనిదే పచ్చడి కాదు. గద్వాల దాటి రాయచూరు వైపు పోతే వేపపూత, బెల్లం కలిపి నమలడమే పండుగ. ఇంటి పచ్చడిని పెద్దవాళ్ల దగ్గర అడిగి రాసిపెట్టుకోవాలన్న ఆరాటం ఈ మధ్య పెరిగింది, సంతోషం. కానీ రాసేవాళ్లు ముందుగా అడిగేది చింతపండు ఎన్ని గ్రాములు, బెల్లం ఎన్ని గ్రాములు అని. పెద్దవాళ్లేమో ‘చూసుకుని వేయాలె’ అంటారు. దాన్ని దాటవేత అనుకుని మనమే ఏదో అంకె వేసుకుంటున్నాం. ఆ అంకెతోనే పచ్చడి చెడుతోందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఎందుకో పంచాంగమే చెబుతుంది. ఉగాది 2023లో మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. చాంద్రమానపు పండుగ కాబట్టి మామూలు ఏళ్లలో ముందుకు జరుగుతూ, అధిక మాసం వచ్చాక వెనక్కి పోతుంది. చెట్టు మాత్రం ఎండను బట్టి కాస్తుంది. మార్చి మూడో వారంలో మామిడి ఇంకా పిందె, పులుపు కంటే వగరు ముందు తగులుతుంది. ఏప్రిల్ రెండో వారానికి కండ పట్టి, టెంక గట్టిపడి, పులుపు నిలుస్తుంది. మామిడికి పేరుపడ్డ కొల్లాపూర్‌లో ఈ తేడా ఎవరికీ చెప్పనక్కర్లేదు. వేపపూతదీ అదే కథ. పైగా 2021 నుంచి తెలంగాణలో వేపచెట్ల కొమ్మలు శిలీంధ్రపు తెగులుతో ఎండిపోవడం చూస్తున్నాం. చింతపండు ఆ నెలల్లోనే కొత్తగా దిగుతుంది. కొత్తది లేత రంగులో ఉంటుంది, పాతది నల్లబడి రసం చిక్కగా దిగుతుంది. ఒక ఏడాది సరిపోయిన బెల్లం మరో ఏడాది చాలకపోవడంలో ఆశ్చర్యమేముంది?

తూకం లేకపోతే అమెరికాలో ఉన్న పిల్లలు ఎలా చేసుకుంటారని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మొదలుపెట్టడానికి ఒక అంచనా ఇవ్వండి, తప్పులేదు. కానీ అక్కడ దొరికే మామిడికాయ వేరు, వేపపూత ఎండుది, కాబట్టి వాళ్లకు అంకె కంటే ఆనవాలే ఎక్కువ అక్కరకొస్తుంది. చింతపండు రసం నీళ్లకంటే కాస్తే చిక్కగా ఉండాలి. బెల్లం కరిగాక వడకట్టాలి, లేదంటే అడుగున మట్టి పంటికి తగులుతుంది. మామిడికాయను తొక్కతోనే సన్నగా తరగాలి. వేపపూతను కాడల నుంచి దూసి, అరచేతుల్లో మెల్లగా నలిపి, పుల్లలు, ఆకుపచ్చ తొడిమలు తీసేస్తే తెల్ల రేకలు మిగులుతాయి. ఆ రేకలను తాగే ముందే వేయాలి, ఎందుకంటే నానినకొద్దీ చేదు నీళ్లలోకి దిగుతుంది. పొద్దున కలిపిన కుండ మధ్యాహ్నానికి పిల్లలు ముట్టనంత చేదవుతుంది. ఇవేవీ గ్రాముల్లో రావు.

ఆరు రుచులూ సమానంగా ఉండాలి కదా, మీ పాలమూరు పచ్చడిలో తీపే రాజ్యమేలుతోందన్నది ఇంకో అభ్యంతరం. ఆరూ ఉండాలన్నది నిజమే, సమానంగా ఉండాలని మాత్రం ఏ ఇంట్లోనూ పట్టుబట్టరు. చెంచాడు నాలుకకు రాసుకునే పచ్చడి ఎంత కారమైనా, ఎంత చేదైనా ఓర్చుకోగలం. గ్లాసుడు తాగేదానికి, పోలెలు (బొబ్బట్లు) తినబోయే ముందు పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరి గొంతు దిగాల్సినదానికి తీపే ముందుండాలి. మిరియాల ఘాటు, ఉప్పు, చేదు దాని వెనక తెలిస్తే చాలు. సారపప్పు వేసే ఇళ్లను చూసి అది పచ్చడిలో ఎక్కడిదని నవ్వేవాళ్లున్నారు. నల్లమల అంచున, అమ్రాబాద్ వైపు మొర్రిచెట్లున్నాయి. ఆ పండ్ల గింజలు కొట్టి తీసేదే సారపప్పు. అడవి పక్కన ఉన్నవాళ్ల పచ్చడిలో అడవి పప్పు ఉండటం కంటే సహజమేముంది?

అందుకే రాసిపెట్టుకునేవాళ్లకు ఒక్క విన్నపం. వచ్చే ఉగాదికి అమ్మనో అమ్మమ్మనో కొలత అడగకండి. ఆమె కలుపుతుంటే పక్కన కూర్చుని, ప్రతిసారీ రుచి చూసి ఏం తక్కువైందన్నదో, ఏం కలిపిందో అది రాసుకోండి.