ఖండన ఖండ ఖాద్యం: పిడికిట్లో గవ్వలు

తెలుగువారికి శ్రీహర్షుడు శ్రీనాథుడి చేతి మీదుగా పరిచయం. ‘శృంగార నైషధం’ మూలకర్తగానే ఆయన్ని ఇక్కడ తలుచుకుంటారు. 12వ శతాబ్దంలో కనోజ్ రాజుల ఆదరణ పొందిన ఆ కవే ‘ఖండన ఖండ ఖాద్యం’ కూడా రాశాడు. ‘జ్ఞానం అంటే ఏమిటి?’ అన్న ప్రశ్నను ఇంత పట్టుదలగా వెంటాడిన గ్రంథాలు మన తర్కంలో అరుదు. ఖండం అంటే కలకండ. ఖండనలతో చేసిన మిఠాయి అని పేరులోని చమత్కారం.

ఇందులో ప్రధాన ప్రతివాది న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికుడు. అతని లెక్కలో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని ప్రమాణాలు నాలుగు. సరైన జ్ఞానానికి, అంటే ప్రమకు, ఇవే ఆధారం. ప్రతి పదార్థానికీ దోషం లేని లక్షణం, అంటే నిర్వచనం, చెప్పవచ్చని అతని ధీమా.

వాదానికి దిగేవాడు ముందుగా ప్రమాణాలున్నాయని ఒప్పుకోవాలి కదా అన్న అభ్యంతరం గ్రంథారంభంలోనే వస్తుంది. అక్కర్లేదంటాడు శ్రీహర్షుడు. ఇద్దరూ వాదనియమాలను పాటిస్తే చాలు. ప్రమాణాలను ఒప్పుకోని మాధ్యమిక బౌద్ధులు, చార్వాకులు కూడా వాదించారు కదా అని గుర్తుచేస్తాడు. తన పక్షాన్ని స్థాపించకుండా ఎదుటి పక్షాన్నే పరీక్షించే ఈ పద్ధతి పేరు వితండ. వాడుకలో అది మొండివాదనకు తిట్టుగా మారింది గానీ శాస్త్రంలో కచ్చితమైన అర్థమున్న మాట.

ఆయన పనితనం చూడాలంటే ప్రమ లక్షణాన్ని విప్పిన తీరు చూడాలి. ‘తత్త్వానుభూతి ప్రమ’ అన్నది నైయాయికుల మాట. శ్రీహర్షుడు మొదటి అక్షరం దగ్గరే ఆపుతాడు. ‘తత్’ అంటే ‘అది’. ముందు దేన్నీ చెప్పకుండా ‘అది’ అంటే ఏది? ఆ చిక్కు తీరిందనుకున్నా, అసలు దెబ్బ తర్వాత ఉంది. జూదరి ఒకడు పిడికిట్లో ఐదు గవ్వలు దాచి ఎన్నో చెప్పమంటాడు. ఎదుటివాడు ఏ ఆధారమూ లేకుండా ‘ఐదు’ అంటాడు. మాట నిజమే, అయినా అతనికి తెలిసి చెప్పింది కాదు. పొగమంచును పొగ అనుకుని నిప్పు ఉందని ఊహించినవాడిదీ ఇదే పరిస్థితి, అక్కడ నిజంగానే నిప్పు ఉన్నా సరే. సరైన నమ్మకానికీ జ్ఞానానికీ మధ్య ఉన్న ఈ సందు మీద పాశ్చాత్య తత్త్వవేత్తల పెద్ద చర్చ ఎడ్మండ్ గెటియర్ 1963లో ప్రచురించిన మూడు పేజీల వ్యాసంతో మొదలైంది. అంతకు ఎనిమిది వందల ఏళ్ల ముందే శ్రీహర్షుడు దాన్ని ఇంత తేటగా చూపాడు.

మిగతా లక్షణాలదీ ఇదే గతి. కానివాటిని కూడా కలుపుకుంటే అతివ్యాప్తి, కావలసినవాటిని వదిలేస్తే అవ్యాప్తి, రెండు నిర్వచనాలు ఒకదాని మీద ఒకటి ఆనుకుంటే అన్యోన్యాశ్రయం, ఆధారానికి ఆధారం అడుగుతూ పోతే అనవస్థ. వీటిలో చాలా పరికరాలు నైయాయికులకు సుపరిచితమైనవే కావడం ఈ ఖండనకు బలం.

అయితే ఆయన అన్నిటినీ శంకించి వదిలేసినవాడు కాదు. అద్వైతి. చైతన్యం స్వప్రకాశం, దానికి మరో ప్రమాణం అవసరం లేదన్నది ఆయన నిలబడ్డ చోటు. మిగిలిన ప్రపంచం ఇదమిత్థమని తేల్చలేనిది.

ఎదుటిపక్షం ఊరుకోలేదు. సందేహం మన ప్రవర్తనతో విరోధించే చోట ఆగిపోతుందని అంతకుముందే నైయాయికుడైన ఉదయనుడు ఒక శ్లోకంలో చెప్పాడు. శ్రీహర్షుడు ఆ శ్లోకాన్నే కొద్దిగా మార్చి తిప్పికొట్టాడు: విరోధం ఉందంటే దానికి ఒక కొసగా సందేహమూ ఉన్నట్టే కదా! 14వ శతాబ్దంలో గంగేశుడు ‘తత్త్వచింతామణి’లో దీనికి బదులిచ్చాడు. నిప్పు వల్ల పొగ వస్తుందా అని నిజంగా శంకించేవాడు పొగ కోసం నిప్పు రాజేయడు, ఆకలి తీరుతుందా అని శంకించేవాడు అన్నం ముందు కూర్చోడు. గంగేశుడి బాటలో సాగిన నవ్యన్యాయంలో నిర్వచనాలు అంత బిగువుగా తయారు కావడంలో ఈ ఒత్తిడి పాత్ర చాలా ఉంది. తర్వాత మిథిలలో శంకర మిశ్రుడు, తాను నైయాయికుడై ఉండి కూడా, ‘ఖండన’కు వ్యాఖ్య రాశాడు.