టర్బో అందుకొను దాక

మిర్యాలగూడ బియ్యపు మిల్లులలో లోడెత్తుకొని హుజూర్‌నగర్ మీదుగా వచ్చిన లారీ, కోదాడలో విజయవాడ రహదారిని కలియుటకై ఆగి మరల కదలునపుడు, దాని గొట్టమునుండి దట్టమైన నల్లపొగ వెలువడి, అంతలో పలుచబడి, పిదప ఇంజనులోనుండి సన్నని ఈలధ్వని వినవచ్చును. ఆ పొగకును ఆ ఈలకును నడుమ గడచు స్వల్పవ్యవధినే యంత్రశాస్త్రజ్ఞులు టర్బో ల్యాగ్ అందురు. మన డ్రైవర్లు మాత్రము "టర్బో అందుకునేదాక ఆగాలె సార్" అని ఊరకుందురు.

ఈ యాలస్యమునకు కారణము ఆ యంత్రపు పుట్టుకలోనే కలదు. స్విట్జర్లాండు దేశస్థుడైన ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు పొందిన యూహ ఏమనగా, ఇంజను విడిచిన వేడిపొగచేతనే ఒక చిన్న చక్రమును త్రిప్పించి, అదే ఇరుసునకు రెండవకొసనున్న మరియొక చక్రముచేత గాలిని అదిమి సిలిండర్లలోనికి పంపుట. పొగ బలముగా రానిదే చక్రము వేగము పుంజుకొనదు. చక్రము వేగము పుంజుకొననిదే గాలి చాలదు. గాలి చాలనిదే పొగకు బలము రాదు. గాలి చాలకమునుపే డీజిలు మిక్కుటముగా పడి నల్లపొగ కాకుండుటకై, పాత డీజిలు పంపులపై గాలి ఒత్తిడి పెరిగిన కొలదిని మాత్రమే డీజిలును వదలు డయాఫ్రం ఒకటి ఉండెడిది. పికప్ చాలలేదని దానిని మార్పించుకొన్న బండ్లు పొగ చిమ్మినంతగా ముందుకు దుముకవు.

పెట్రోలు ర్యాలీకార్లవారు ఈ వ్యవధిని ఓర్వలేక కనిపెట్టిన యుపాయమే యాంటీ-ల్యాగ్. 1985 నాటి ఆడి క్వాట్రో ఎస్1 కారులో దాని తొలిరూపములలో ఒకటి కనబడెను. 1990ల దశాబ్దిలో టొయోటా సెలికా, మిత్సుబిషి లాన్సర్, సుబారు ఇంప్రెజా కార్లు మలుపుమలుపునకును తుపాకి ప్రేలినట్లు శబ్దించుట దానివలననే. మలుపు రాగానే డ్రైవరు ఎక్సిలేటరుపైనుండి కాలెత్తును. సాధారణమైన కారులో అప్పుడు గాలిద్వారము మూసికొని, పొగ సన్నగిల్లి, టర్బో నెమ్మదించును. యాంటీ-ల్యాగ్ గల కారులోనో, ఆ ద్వారము కొంచెము తెరచియే యుండును. ప్లగ్గు తన నిప్పురవ్వను, పిస్టను క్రిందికి దిగుచుండగా, మిక్కిలి ఆలస్యముగా వేయును. పెట్రోలు సహితము అవసరమునకు మించి పడును. ఇట్లు సిలిండరులో కాలవలసిన యింధనము కొంత కాలియు కొంత కాలకయు వాల్వు తెరచుకొనగానే వెలుపలి గొట్టములోనికి పోయి టర్బో చక్రపు ముంగిటనే మండును. ఇంజను బలము తగ్గి కారు నెమ్మదించును గాని టర్బో నెమ్మదింపదు. కాలు మరల ఆనిన తక్షణమే గాలి సిద్ధముగా నుండును. మరికొన్ని కార్లలో ఆ మంటకు కావలసిన గాలిని వేరొక గొట్టముద్వారా నేరుగా అందింతురు. ప్లగ్గు లేని డీజిలు ఇంజనునకు ఈ పద్ధతి యక్కరకు రాదు.

ఈ సంసిద్ధతకు చెల్లించు మూల్యమెట్టిదో సూర్యాపేటలో ఒక షెడ్డునందు బల్లమీద విప్పిపెట్టిన లారీ టర్బోను చూచినపుడు నాకు బోధపడినది. మెకానిక్ గాలివైపు చక్రపు నట్టును రెండువ్రేళ్లతో పట్టి మొదట ప్రక్కలకు కదిపెను, రవంత కదలెను. "ఇంత ఉండాలె సార్, ఆయిలు పొర కోసం" అనెను. పిదప ముందువెనుకలకు లాగిచూచి, అటును కదలగా, పెదవి విరిచెను. చిటికెనవ్రేలంత లావైన ఆ యిరుసు నిమిషమునకు లక్ష చుట్లకు చేరువగా, కేవలము నూనెపొరపై తేలుచు తిరుగవలసినది. దానికి నూనె మాడి నల్లని పెచ్చు కట్టియుండెను. ఒక లారీ టర్బోకే ఇట్టి గతి పట్టినచో, వేయి డిగ్రీలకు చేరు మంటను ముంగిట నిలుపుకొను చక్రము సంగతి చెప్పనేల? ర్యాలీజట్లకు అది అరుగగానే మార్చుకొను వస్తువు. కేవలము ఆ ప్రేలుడుశబ్దము కొరకు కారు కంప్యూటరులోని ప్రోగ్రామును మార్పించుకొను మన యువకులు తమ టర్బోను, పొగను శుద్ధిచేయు కన్వర్టరును కూడ చేతులార కాల్చుకొనుచున్నారు. వారికి ఆ బల్లను చూపవలెనని నాకు గాఢమైన కోరిక.

రహదారికి తగిన యుపాయములు వేరుగా వచ్చినవి. 2016లో వోల్వోవారు కొన్ని డీజిలు కార్లలో రెండు లీటర్ల ట్యాంకునందు అదిమియుంచిన గాలిని, కారు కదలునపుడు, టర్బోకు ముందున్న గొట్టములోనికి వదలి చక్రమును మేల్కొల్పిరి; నేటి డీజిలు బండ్లు పెక్కింటిలో పొగదారిని ఇరుకుగాను వెడల్పుగాను చేయు కదలురెక్కలు కలవు. అవేవియు లేని పాతలారీలో ఆ పనిని డ్రైవరే చేయును: ఎదుట వంతెన యెత్తు కనబడగనే, బండి నెమ్మదింపక మునుపే, గేరు దింపి ఇంజను చుట్లను పెంచి, టర్బోను తిరుగుడులో ఉంచును. సూర్యాపేట హోటళ్లముందు బండి నిలిపిన వెంటనే తాళము త్రిప్పక, ఇంజనును కొంతసేపు నెమ్మదిగా ఆడనిచ్చును. ఆపినచో నూనెప్రవాహము ఆగి, కాలియున్న యిరుసుపై ఆ నూనెయే మాడిపోవును. ఆ నిమిషములో అగు డీజిలును వృథాగా లెక్కించి యజమానులు డ్రైవరును మందలించుట న్యాయము గాదు.