పెద్ద పిల్లలకు బొమ్మల పుస్తకమా?

తొమ్మిదో తరగతిలో ‘లండన్ జంగిల్ బుక్’ తెరవగానే వెనక బెంచీ పిల్లవాడు “బొమ్మల పుస్తకమా సార్? మేం ఒకటో తరగతి పిల్లలమా?” అన్నాడు. బొమ్మలు చదువు రానివాళ్లకేనని వాడికి నేర్పింది మన బడే.

ఈ బొమ్మలు గీసింది మధ్యప్రదేశ్‌లోని పటన్‌గఢ్‌కు చెందిన గోండు చిత్రకారుడు భజ్జూ శ్యామ్. లండన్‌లో ఒక హోటల్ గోడలకు బొమ్మలు వేయడానికి వెళ్లి, ఆ నగరాన్ని తన ఊరి కళ్లతో చూశాడు. చెన్నైలోని తారా బుక్స్ 2004లో అచ్చువేసింది. అందులో విమానం రెక్కలున్న ఏనుగు. భూమి కింద నడిచే రైలు వానపాము. రోజూ ఎక్కిన 30వ నంబరు బస్సు నమ్మకమైన కుక్క. బిగ్ బెన్ గడియారం కోడిపుంజు.

“కోడిపుంజే ఎందుకు?” అని అడిగాను. కాసేపటికి ఆ పిల్లవాడే “మన ఊళ్లో పొద్దు చెప్పేది అదే కదా సార్” అన్నాడు. పోలిక అంటే ఏమిటో నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. ఇది ఒకటో తరగతి పాఠం కాదు.

లోపమూ ఉంది. నా దగ్గరున్న ప్రతి ఇంగ్లీషులో ఉంది. మాట నా నోటి మీదుగా వెళ్లాల్సి వచ్చింది, బొమ్మ మాత్రం నేరుగా చేరింది.

ఇన్నాళ్లూ బయటివాళ్లు మనల్ని చూసి రాశారు, గీశారు. కిప్లింగ్ మన అడవుల మీద కథలు రాస్తే, భజ్జూ లండన్‌నే అడవి చేశాడు.

టీచర్లకు ఒక్క మాట. ఇలాంటి పుస్తకాన్ని వెనకబడిన పిల్లలకని విడిగా ఇవ్వకండి. క్లాసంతటికీ చూపించండి. తర్వాత తెల్ల కాగితాలిచ్చి, మండల కేంద్రాన్ని మన గూడెం కళ్లతో గీయమనండి.